చక్కెర లేని మలీద

నాకు షుగర్ ఉందని డాక్టరు చెప్పిన రోజున నేను ఏడవలేదు. మర్నాడు పొద్దున టీ తాగాక మాత్రం ఏడుపొచ్చింది. మా ఆయన పాపం ఎంతో శ్రద్ధగా తెల్లటి మాత్ర ఒకటి కప్పులో వేసి, బాగా కలిపి తెచ్చిచ్చారు. టీ తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు. కాకపోతే ఆ తీపికి మర్యాద తెలియదు. తాగేటప్పుడు పలకదు. మింగేశాక వచ్చి గొంతులో కూర్చుంటుంది, లేవమన్నా లేవదు. ఎలా ఉందని ఆయన అడిగితే మందులా ఉందన్నాను. "మందే కదా" అన్నారాయన. 

నా నోటికి ఇంత పట్టింపు ఉండటానికి కారణం ఉంది. నేను బతికేది నోటితోనే. సినిమాలకి డబ్బింగ్ చెబుతాను. తెర మీద అమ్మలూ అత్తలూ పక్కింటి పిన్నిగార్లూ పెదవులు కదుపుతుంటే, ఆ మాటలు నేను పలుకుతాను. ముఖం వాళ్లది, గొంతు నాది. పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి శ్రీనగర్ కాలనీకి వచ్చిన కొత్తలో మొదలుపెట్టిన పని, ఇప్పటికీ అదే. ఫిల్మ్‌నగర్‌లో నేను ఏడవని డబ్బింగ్ థియేటర్ లేదు. ప్రతి ఏడుపుకీ ముందొక టీ, తర్వాతొక టీ, రెండింట్లోనూ దండిగా పంచదార. అందుకే నా జబ్బులో సగం ఆ తెర తల్లుల కష్టాల వల్ల వచ్చిందేనని నా గట్టి నమ్మకం.

మా అక్క కూడా నాకు షుగర్ వల్లే దొరికింది. సొంత అక్క కాదు. కృష్ణానగర్ సందులో ఒక రక్తపరీక్షల సెంటర్ ఉంది. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, టిఫిన్ తిని, రెండు గంటలు ఆగి మళ్లీ ఇవ్వాలి. ఆ రెండు గంటలూ నాతోపాటు బల్ల మీద కూర్చున్న పెద్దావిడని చూస్తే నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించింది. రూపాయి కాసంత బొట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, దర్జాగా నేత చీర.

"మిమ్మల్ని ఎక్కడో పెళ్లిలో చూశానండీ" అన్నాను.

"సూసే ఉంటవు" అందావిడ తాపీగా. "అందరి పెండ్లిళ్లకు నేను వోయిన."

అర్థం కాక చూస్తుంటే నవ్వింది. "సినిమాల పెండ్లిళ్లు, బిడ్డా. జూనియర్ ఆర్టిస్టుని. అచ్చింతలు ఏసుడు, బువ్వ తినుడు, గంతే నా పని." తర్వాత నా వైపు తిరిగి, కళ్లు చిన్నవి చేసి, "నీ గొంతు నేను యాడనో ఇన్న" అంది.

నేను ఆవిడ ముఖాన్ని చూసి, ఆవిడ నా గొంతు విని, ఇద్దరం ఒకరినొకరు గుర్తుపట్టామన్నమాట. రెండో రక్తం ఇచ్చేటప్పటికి ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి చెల్లె అయిపోయాం. వరంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఒక గదిలో కిరాయికి ఉంటుంది. షూటింగ్ లేని రోజున మా ఇంటికి వచ్చేది.

ఆ రోజుల్లో మేమిద్దరం కలిసి వాడి చూడని తీపి మందు లేదు. మాత్రలు, పొట్లాలు, చుక్కల మందు, ఆఖరికి కుండీలో తియ్యటి ఆకు మొక్క. అక్క ఒకసారి ఆ పొడులన్నీ కొంచెం కొంచెం తీసి మా వంటింటి కిటికీలో వరసగా పోసింది, పక్కనే చిటికెడు పంచదార. సాయంత్రానికి చీమలన్నీ పంచదార దగ్గరే ఉన్నాయి. మిగతా వాటి పక్కనుంచే పోతున్నాయి గాని, ఒక్కటీ ఆగలేదు.

"సూసినవా, చీమకున్న తెలివి మనకు లేదు" అంది అక్క.

"చీమకి షుగర్ లేదక్కా" అన్నాను నేను. ఆవిడ ఆ రోజంతా ఆ మాట తలచుకుని నవ్వింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అక్క చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయింది. ఏమైందో అని నేను కంగారుపడ్డాను.

"చెల్లె, నాకు డైలాగ్ ఇచ్చిండ్రు" అంది.

అదెంత మాటో మా రంగంలో వాళ్లకి తెలుసు. జూనియర్ ఆర్టిస్టు అంటే వెనక నిలబడే మనిషి. పెదవులు కదిపినా మాట ఉండదు. అక్క కొన్ని వందల పెళ్లిళ్లలో కూర్చుంది, ఒక్క పెళ్లిలోనూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తెలంగాణ ఊళ్ల కథలు బాగా ఆడుతున్నాయి కాబట్టి, ఒక కొత్త డైరెక్టర్ నిజంగా ఆ యాస మాట్లాడే నాయనమ్మ కావాలని వెతుక్కుంటూ వచ్చాడు. హీరో ఊరికి తిరిగి వస్తాడు, ఎవరూ పలకరించరు. నాయనమ్మ ఒక్కతే లడ్డు సగం విరిచి హీరో నోట్లో పెట్టి, మిగతా సగం తను తిని ఒక మాట అంటుంది. "తిను బిడ్డా. సగం నీది, సగం నాది." అంతే డైలాగ్. అక్క దాన్ని నాకు నాలుగు రకాలుగా చెప్పి వినిపించింది. నాలుగూ బాగున్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజం నీళ్లే.

సంతోషం తగ్గాక అసలు సంగతి బయటపడింది. సినిమాలో ఒకసారి తినేది షూటింగ్‌లో ఒకసారి తింటే సరిపోదు. ఎన్ని టేకులైతే అన్నిసార్లు తినాలి. అందుకే తినే సీన్లలో డైరెక్టర్ కట్ అనగానే నటులు పక్కనున్న కవర్లో ఉమ్మేస్తారు. అది తప్పుగా ఎవరూ అనుకోరు. అక్క మాత్రం అనుకుంటుంది.

"బువ్వను ఉమ్మేస్తరా? నాతోని గాదు" అంది. "నోట్ల వెట్టుకున్నంక మింగుడే."

ఆ పట్టుదల వల్లే అంతకు ముందొక సినిమాలో, షేక్‌పేట దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనం తీస్తుంటే, పొద్దుటి నుంచి జిలేబీలు మింగి మింగి కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. అప్పుడు ప్రొడక్షన్ మేనేజర్, "పెద్దమ్మా, ఇంకోసారి ఇట్లయితే ఇంట్లనే ఉండు, నిన్ను పిలవను" అని గట్టిగా చెప్పాడట. షుగర్ అని ఆయనకి తెలియదు, లైట్ల వేడికి కళ్లు తిరిగాయనుకున్నాడు. ఈ కొత్త సినిమాకీ మేనేజర్ ఆయనే. జబ్బు సంగతి తెలిస్తే డైలాగ్ ఇంకొకరికి పోతుంది. తెలియకపోతే లడ్డూలు తినాలి. అక్క రెండింటి మధ్యా ఇరుక్కుంది.

"మనం చక్కెర లేకుండా చేసుకెళ్దాం అక్కా. కెమెరాకి తీపి తెలుస్తుందా ఏంటి" అన్నాను నేను. నోరు జారటం నాకు అలవాటే గాని, ఈసారి నోటితోపాటు చెయ్యి కూడా కాల్చుకోవాల్సి వచ్చింది.

మర్నాడు మా వంటింట్లో ప్రయోగం మొదలైంది. నేను కోస్తా దాన్ని, లడ్డు అంటే నాకు బూందీ లడ్డే. బూందీ దూసి, గిన్నెలో నీళ్లు పోసి, తీపి మాత్రలు గుప్పెడు వేసి పాకం పట్టబోయాను. ఎంతసేపు మరిగించినా నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. వేళ్ల మధ్య తీగ రాదే. పైగా మరిగిన కొద్దీ ఆ తీపి కూడా ఎటో పోయి, అడుగున ఒక చేదు మిగిలింది. ఆ నీళ్లలో బూందీ వేస్తే మెత్తబడి పులుసులో పకోడీల్లా తేలాయి. మాత్రలు కాదని పొడి తెచ్చాను. అది పాకంలా కనిపించి ఆశపెట్టి, చల్లారగానే ఇసకలా గడ్డకట్టింది. నోట్లో వేసుకుంటే పళ్లపొడి వేసుకున్నట్టు చల్లగా ఉంది. పంచదార అంటే తీపి ఒక్కటే అనుకుంటూ వచ్చాను అన్నాళ్లూ. ముద్దని పట్టి ఉంచేదీ, మెరుపిచ్చేదీ కూడా అదేనని నాకప్పుడు తెలిసింది. తీపికి బదులు దొరుకుతుంది గాని, పంచదార చేసే మిగతా చాకిరీకి ఎవరూ దొరకరు.

మా ఆయన వచ్చి గిన్నెలో చూసి, "ఇది ఏ సీన్‌లో వాడతారు?" అని అడిగారు. ఆయన్ని హాల్లోకి పంపించేశాను.

అక్క నా అవస్థ చూసి చూసి కొంగు దోపుకుని లేచింది. "మా ఊర్ల నాయనమ్మ బూందీ లడ్డు ఎందుకు వెడ్తది చెల్లె? మలీద ముద్ద వెడ్తది గని" అంది.

మలీద నేను బతుకమ్మ పండగప్పుడు తినడమే గాని చేసి ఎరగను. మందంగా రొట్టెలు కాల్చి, వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కడతారు. దానికి పాకం అక్కర్లేదు. అక్క గోధుమ రొట్టెల్ని ఎర్రగా కాల్చింది, బెల్లం రంగు కోసం. నలిపిన పొడిలో నెయ్యి పోసి, బెల్లానికి బదులు నా తెల్లపొడి కలిపి, అరచేతిలో వేసి బిగించి పిసికింది. ముద్ద కుదిరింది. విరిస్తే సగానికి చక్కగా విరిగింది. రుచి చూశాం. బెల్లం మలీద కాదు గాని, తప్పు పట్టలేనంత బాగుంది. ఆ సంతోషంలో నేను పొడి మొత్తం స్టీలు డబ్బాలోకి వంపుకుని, అది వచ్చిన పాకెట్‌ని చెత్తబుట్టలో వేశాను. దాని వెనక ఏం రాసి ఉందో ఇద్దరం చూడలేదు.

అక్క డైరెక్టర్‌కి ఫోన్ చేసి, లడ్డు కాదు మలీద పెడతానని, తనే చేసుకొస్తానని చెప్పింది. ఆయన ఆనందానికి హద్దు లేదు. మా సినిమావాళ్లకి నేటివిటీ అన్న మాట ఒకటుంది. అది దొరికిందంటే అన్నం కూడా అక్కర్లేదు.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా పెరట్లో. ముందు వైపు చూస్తే పాలరాయి మెట్లు, వెనక వైపు పల్లెటూరి ఇల్లు సెట్ వేశారు. నేను అక్కకి తోడుగా, మలీద ముద్దలున్న పెద్ద స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. అక్క దారంతా డైలాగ్ చెప్పుకుంటూనే ఉంది. ఆటో అతను దిగేటప్పుడు, "మంచిగ చెప్తున్నవ్ పెద్దమ్మా" అన్నాడు. అక్క దాన్ని శుభశకునంగా తీసుకుంది.

హీరో వచ్చాడు. మంచి పిల్లాడే, కండలు తిరిగిన మనిషి, కళ్లలో మాత్రం ఆకలి. చొక్కా లేని పాట ఒకటి తీయాల్సి ఉందట, అందుకని నెలల తరబడి తీపి ముట్టలేదు. ఉడకబెట్టిన కోడిమాంసం, ఆకులు, అంతే. మొదటి టేక్‌లో అక్క ముద్ద విరిచి నోట్లో పెడితే, పంటితో పట్టుకుని ఊరుకున్నాడు. కట్ అనగానే కవర్ అందించారు. ఉమ్మబోతూ, నాలుకకి తగిలిన దాంతో ఆగిపోయాడు. అక్క ఆ పిల్లాడి ముఖం చూసి, వంగి చెవిలో చెప్పింది. నేను దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి వినపడింది.

"మింగు బిడ్డా, ఏం గాదు. చక్కెర లేదు దీంట్ల. నాకు షుగర్ ఉన్నది. ఎవ్వలకు చెప్పకు."

హీరో అక్కని చూశాడు, డబ్బాని చూశాడు, మింగేశాడు. "నేను మింగానని మా ట్రైనర్‌కి మీరూ చెప్పకండి" అన్నాడు.

రెండో టేక్‌లో నిజంగా తిన్నాడు. చాలా బాగుందని డైరెక్టర్ అన్నాడు. హీరో తల అడ్డంగా ఊపి, "నాకింకా ఎమోషన్ కనెక్ట్ కాలేదండీ. ఇంకోటి చేద్దాం" అన్నాడు. మరో ముద్ద. మళ్లీ కనెక్ట్ కాలేదు. మరో ముద్ద. ఒక సీన్ మీద హీరోకి అంత శ్రద్ధ ఉండటం డైరెక్టర్ ఎప్పుడూ చూడలేదు కాబోలు, పొంగిపోయి కెమెరా అటు నుంచి, ఇటు నుంచి, కింద నుంచి పెట్టించాడు. చివరికి అక్క ముఖానికి దగ్గరగా తెచ్చాడు. పక్కన చిన్న తెర మీద అక్క ముఖం నిండుగా కనిపించింది. ఆ బొట్టు, ఆ రెండు పుడకలు, నములుతున్న బుగ్గ. ఏళ్ల తరబడి ఎవరి భుజం వెనకో సగం కనిపించిన ముఖం. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, సౌండ్ రికార్డు అవుతోందని చేతులు కట్టుకున్నాను.

మధ్యలో ఎక్కడో మాట బయటికి పొక్కింది. అక్కకి షుగర్ ఉందన్న సంగతి కాదు, మలీదలో షుగర్ లేదన్న సంగతి. ఇక చూడండి. మా ఫిల్మ్‌నగర్‌లో డైటింగ్ చేయని మనిషి లేడు. మేకప్ అతను, కెమెరా వాళ్లు, డ్యాన్స్ మాస్టర్, అందరూ డబ్బా చుట్టూ చేరారు. పంచదార లేదు కాబట్టి ఎంత తిన్నా తిననట్టే అని వాళ్ల లెక్క. నేనూ తింటూ, పిలిచి పిలిచి పెట్టాను. మా ఇంట్లో నా వంటని కూడా ఎవరూ అంత మెచ్చుకోలేదు. భోజనాల వేళకి డబ్బా అడుగు కనిపించింది.

భోజనాలయ్యాక హీరో తన కారవాన్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. షాట్ రెడీ అని పిలిస్తే ఐదు నిమిషాలన్నాడు. మళ్లీ పిలిస్తే మళ్లీ ఐదు నిమిషాలన్నాడు. ఈలోగా కెమెరా దగ్గరి మనిషి కనపడలేదు. మేకప్ అతను బ్రష్ వదిలేసి పరిగెత్తాడు. బంగళాలో ఉన్న ఒక్క బాత్రూమ్ ముందు వరస కట్టారు. డైరెక్టర్ నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడ్డాడు. నా కడుపులోనూ గుడగుడ మొదలైంది. అప్పుడు వెలిగింది నాకు. ఫోన్ తీసి ఆ పొడి పేరు వెతికాను. పాకెట్ వెనక భాగం బొమ్మ వచ్చింది. ఎక్కువగా తింటే విరేచనాలు కావచ్చునని చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. రోజుకి ఒకటో రెండో ముద్దలైతే ఏమీ కాదు. మేం డబ్బా ఖాళీ చేశాం.

అక్క మాత్రం సెట్‌లో మంచం మీద కదలకుండా కూర్చుని ఉంది. అందరికంటే ఎక్కువ టేకులు తిన్నది ఆవిడే. "నీకేం కాలేదా అక్కా?" అని గుసగుసగా అడిగాను.

"ఎందుకు గాలే" అంది పళ్లు బిగించి. "లేస్తే నా జాగల ఇంకోల్లని గూసోవెడ్తరు. లెవ్వ."

అప్పుడే ప్రొడక్షన్ మేనేజర్ అరుపులు వినిపించాయి. భోజనం తెచ్చిన క్యాటరింగ్ ఆయన్ని నిలబెట్టి కడిగేస్తున్నాడు. పెరుగు పాడైందని, రేపటి నుంచి రావద్దని. ఆయన పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని, ఇందాకే తోడుకున్న పెరుగండీ అని చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నేను లేచాను. నేను తెచ్చిన పొడి, నేను చెప్పాల్సిన మాట. కానీ నాకంటే ముందు అక్క లేచింది. లేవనన్న మనిషి లేచింది.

"ఆయన తప్పు లేదు సారు" అంది. "నా మలీద. నాకు షుగర్ బీమారి ఉన్నది, బువ్వ ఉమ్మబుద్ధి గాదు, అందుకని చక్కెర మందు కలిపి చేసిన. గదే అందరికి వడలే. ఆయన్ని ఏమనకు."

మేనేజర్ క్యాటరింగ్ ఆయన్ని వదిలి అక్క వైపు తిరిగాడు. ఆ జిలేబీల రోజు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.  అక్క డైలాగ్ ఇక పోయినట్టేననుకున్నాను. కారవాన్ కిటికీ కొంచెం తెరుచుకుంది. లోపలి నుంచి హీరో గొంతు నీరసంగా వినిపించింది.

"పెద్దమ్మని ఏమీ అనకండి. కనెక్ట్ కాలేదని అబద్ధం చెప్పింది నేను."

ముందు డైరెక్టర్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, నవ్వితే ప్రమాదం అని తెలిసి కూడా. అక్క సీన్‌కి కావాల్సిన షాట్లన్నీ భోజనాల ముందే వచ్చాయి కాబట్టి ప్యాకప్ చెప్పేశారు. మేనేజర్ నవ్వలేదు.  క్యాటరింగ్ ఆయన మాత్రం అక్క కోసం మజ్జిగలో ఉప్పు వేసి గ్లాసు తెచ్చిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో డైలాగ్ లేదు. అక్క నోరు తెరిచింది ఒక్కసారే, "జర జల్ది పోనీ బిడ్డా" అనడానికి.

తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. సీన్ ఉందో తీసేశారో తెలియదు. మేనేజర్ నుంచి ఫోన్ రాలేదు. అక్క రోజూ మా ఇంటికి వచ్చి చక్కెర లేని చాయ్ తాగి, సినిమా ఊసెత్తకుండా వెళ్లేది. 

చివరికి ఫోన్ వచ్చింది, అక్కకి కాదు, నాకు. ఫిల్మ్‌నగర్‌లో నేను తరచూ వెళ్లే డబ్బింగ్ థియేటర్ సౌండ్ ఇంజనీర్. "అమ్మా, ఒక నాయనమ్మ ఉంది. ఒకటే డైలాగ్, తెలంగాణ యాస. నోట్లో ఏదో నములుతూ చెబుతుంది. మీరొచ్చి చెప్పేస్తే అయిపోతుంది."

ఏ సినిమా అని అడగక్కర్లేకపోయింది. సీన్ ఉంది. ముఖం ఉంది. గొంతు మాత్రం నాది కావాలట. మా దగ్గర అది మామూలే. సెట్‌లో రికార్డయిన మాట గుర్తుకే, సినిమాలోకి వెళ్లేది థియేటర్లో మళ్లీ చెప్పిందే. చిన్న వేషాలవాళ్లకి డబ్బింగ్ రాదని, టైం వృథా అని, అలవాటున్న మాలాంటి వాళ్లని పిలుస్తారు. ఆ మామూలు మాటకి ఆ రోజు నాకు ఒళ్లు మండింది. కృష్ణా జిల్లా దాన్ని, తెలంగాణ నాయనమ్మలా నటిస్తూ, ఏమీ లేని నోటితో నములుతున్నట్టు చెప్పాలి. అక్క ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆవిడ గిన్నెలు సర్దడం ఆపలేదు.

"నాకెర్కే చెల్లె, గిట్లనే అయితదని" అంది. "నువ్వే చెప్పు. నీ గొంతు సాఫ్‌గ ఉంటది."

"నీ నోటికి నా గొంతా? మా ఆయన పెట్టిన మాత్ర టీలా ఉంటుంది అక్కా" అన్నాను. "లే, పద."

థియేటర్‌కి తీసుకెళ్లి ఇంజనీర్‌ని బతిమాలాను. ముందు ఆవిడతో ప్రయత్నిద్దాం, కుదరకపోతే నేను పక్కనే ఉంటాను, చెప్పేసి వెళ్తాను అన్నాను. ఆయన గడియారం చూసుకుని సరేనన్నాడు. అక్క చెవులకి హెడ్‌ఫోన్ పెట్టాం. తెర మీద అక్క ముద్ద విరుస్తోంది. మైకు ముందు అక్క బిగుసుకుపోయి, "తిను బిడ్డా" అంది, తెర మీద పెదవులు ఇంకా తెరుచుకోకముందే. రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి సరిగ్గానే పడింది గాని, మాట ఎండిపోయినట్టు వచ్చింది. తెర మీది బుగ్గ నిండుగా ఉంది, గొంతులో ఏమీ లేదు. ఇంజనీర్ అద్దం వెనక నుంచి నా వైపు చూశాడు. అక్క కూడా నా వైపు చూసి, హెడ్‌ఫోన్ తీయబోయింది.

నేను సంచిలోంచి చిన్న డబ్బా తీశాను. ఇంజనీర్ మైకులో, "అమ్మా, అదేనా ఆ డబ్బా? నా దగ్గరికి మాత్రం తేవద్దు" అన్నాడు. బంగళా కథ ఫిల్మ్‌నగర్ అంతా తిరిగిందన్నమాట.

"ఒక్కటే ఉంది, ఒక్కటికి ఏమీ కాదు" అని చెప్పి, ముద్ద అక్క చేతిలో పెట్టాను. "డబ్బింగ్ మర్చిపో అక్కా. ఆ పిల్లాడికి పెట్టు."

తెర మీద అక్క ముద్ద విరిచింది. మైకు ముందు అక్క కూడా విరిచింది. అక్కడ సగం హీరో నోట్లోకి వెళ్లింది, ఇక్కడ సగం గాలిలో ఆగింది. మిగతా సగం ఇద్దరక్కలూ ఒకేసారి నోట్లో వేసుకున్నారు. నమిలారు. నిండిన నోటితో, ముక్కుపుడకలు కదులుతుండగా, ఆ మాట తాపీగా, తడిగా, తెర మీది పెదవులకి అతికినట్టు వచ్చి పడింది.

"తిను బిడ్డా. సగం నీది, సగం నాది."

ఇంజనీర్ వెనక్కి తిప్పి వినిపించాడు. చీకట్లో అంత పెద్ద ముఖం, ఆ ముఖానిదే అయిన గొంతు. అక్క నమలడం ఆపేసి విన్నది. గాలిలో ఆపిన సగం ముద్ద ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని చూడకుండానే నా నోట్లో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. మలీద నోట్లో ఉండగా ఏడవడం ఎంత కష్టమో, అన్నేళ్లు ఏడిచిన నాకు అప్పుడే తెలిసింది.

"బాగుందమ్మా, ఓకే" అన్నాడు ఇంజనీర్. "ఇక వెళ్లొచ్చు."

అక్క కదలలేదు. తెర వైపే చూస్తూ, సినిమా వాళ్లందరూ అడిగే మాటే అడిగింది.

"ఇంకోటి ఎయ్యి బిడ్డా."

ఆయన వేశాడు. ఆవిడ అడిగినన్నిసార్లూ వేశాడు.